గాలికి గొట్టం, శబ్దానికి డబ్బా

నిజామాబాద్ నుంచి సారంగాపూర్, జానకంపేట, ఎడపల్లి మీదుగా బోధన్ పోయే దారిలో వెల్డింగ్ షాపులకు కొదువ లేదు. ట్రాలీ తలుపులు, కేజ్‌వీల్స్, కల్టివేటర్ పళ్లు, ఇంటి గేట్లు అన్నీ అక్కడే తయారవుతాయి, అక్కడికే మరమ్మతుకు వస్తాయి. అలాంటి ఒక షాపు ముందు, నిలువునా రెండు చెక్కలుగా కోసిన ట్రాక్టర్ సైలెన్సర్ ఒకటి పాత ఇనుములో పడి ఉంది. ఇంజన్ గుంజడం లేదని రైతు తెస్తే లోపల ఏం కూరుకుపోయిందో చూద్దామని గ్రైండర్ పెట్టి కోశారు. చూశాక, అతకడం కన్నా కొత్తది వేసుకోవడమే నయమని తేలింది. అలా తుక్కులో చేరిన ఆ రెండు చెక్కలను తిప్పి తిప్పి చూస్తుంటే, ఆ షాపు ఆయన పనిముట్టు గుణమంతా ఒక్క ముక్కలో చెప్పేశాడు: ‘‘గ్యాస్ బోవాలె అన్నా, సప్పుడు బోవద్దు.’’

చిక్కంతా ఆ ముక్కలోనే ఉంది. పొగా శబ్దమూ రెండూ ఒకే గొట్టంలోంచి, ఒకే దిక్కుకు, ఒకేసారి వస్తాయి. ఒకదానికి దారి ఇచ్చి రెండోదానికి అడ్డం పడాలి. మూత పెడితే రెండూ ఆగుతాయి, మూత తీస్తే రెండూ పోతాయి. మరి వేరు చేయడం ఎలా?

కోసిన చెక్కలో జవాబు కనిపిస్తుంది. బయట 15 సెంటీమీటర్ల వ్యాసం, అర మీటరు పొడవు ఉన్న రేకు డబ్బా. అందులోకి 5 సెంటీమీటర్ల గొట్టం ఒక కొసన చొరబడి, ఎక్కడా ఆగకుండా, వంకర తిరగకుండా, రెండో కొసన బయటికొస్తుంది. డబ్బా మధ్యలో ఒక అడ్డరేకు వేసి రెండు సమానమైన గదులు చేశారు. ఇక గొట్టానికి వరసగా చిల్లులు. ఒక్కో చిల్లు 4 మిల్లీమీటర్లు. గొట్టం చుట్టూ వరసకు 14 చొప్పున, రెండు గదుల్లో కలిపి 27 వరసలు, మొత్తం 378. ఒక చిల్లు నడిమి నుంచి పక్క చిల్లు నడిమికి దాదాపు 11 మిల్లీమీటర్లు. స్కేలు పెట్టి కొలిస్తే ఎక్కడా ఒక మిల్లీమీటరు తేడా రాలేదు. మసి పట్టి, తుప్పెక్కి, ఆరేడు పంటలు చూసిన ముక్క అది.

గొట్టంలో పరుగెత్తే పొగకు ఈ చిల్లులతో పెద్దగా పనిలేదు. ముందున్న దారి సాఫీగా ఉంది, అది నేరుగా పోతుంది. శబ్దం సంగతి వేరు. శబ్దమంటే పీడనం ఎగసిపడటం. ఆ ఎగసిపాటు ప్రతి చిల్లులోంచీ పక్క గదిలోకి తొంగిచూస్తుంది, అక్కడి గాలిని నొక్కుతుంది, మళ్లీ వదులుతుంది. అంటే గాలికి అది గొట్టమే, శబ్దానికి మాత్రం అది డబ్బా. ఒకే వస్తువు ఇద్దరికి రెండు రకాలుగా కనిపించేలా చేసిన ఈ పనితనాన్ని మించినది ట్రాక్టర్ మొత్తంలో ఇంకొకటి ఉందని నేననుకోను. ఇంత తెలివి మీద మనం రోజూ మట్టీ మసీ పోసి తిరుగుతున్నాం.

చట్టానికి కూడా ఈ డబ్బా తెలుసు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో 120వది సైలెన్సర్ గురించే. వ్యవసాయ ట్రాక్టర్‌తో సహా ప్రతి బండికీ అది ఉండి తీరాలని చెబుతూ, విస్తరించే గది ద్వారా గానీ మరో పద్ధతిలో గానీ చప్పుడు తగ్గించాలంటుంది. గొట్టం ఒక్కసారిగా వెడల్పాటి గదిలోకి తెరుచుకుంటే శబ్దంలో కొంత భాగం వెనక్కి మళ్లుతుంది. గొట్టం వ్యాసానికి మూడు రెట్ల డబ్బా అంటే తొమ్మిది రెట్ల వైశాల్యం. అలాంటి గది ఒక్కటే, అనుకూలమైన పౌనఃపున్యాల దగ్గర, 13 డెసిబెళ్ల దాకా తగ్గించగలదు. అయితే గది పొడవు తరంగంలో సగానికి సరిపోయిన చోట అదే గది శబ్దాన్ని చెక్కుచెదరకుండా అవతలికి దాటవేస్తుంది కూడా. ఖాళీ డబ్బాకు ఉన్న ఈ లోపాన్ని చిల్లుల గొట్టం చాలావరకు పూడుస్తుంది. ఎలా పూడుస్తుందో తెలియాలంటే చిల్లు దగ్గరికి వెళ్లి చూడాలి.

అంతకంటే ముందు అంకెలు కొన్ని. ఈ ప్రాంతపు ట్రాక్టర్లలో మూడు సిలిండర్లవి చాలా ఎక్కువ. రెండున్నర లీటర్ల ఇంజన్ నిమిషానికి 2000 చుట్లు తిరుగుతోందనుకుందాం. నాలుగు స్ట్రోకుల ఇంజన్ కాబట్టి సెకనుకు 50 పేలుళ్లు. మనం వినే డబడబకు మూలం ఆ 50 హెర్ట్జ్, దాని గుణిజాలు. పొగ వేడి 400 డిగ్రీలుంటే అందులో ధ్వని వేగం సెకనుకు 520 మీటర్లు. బయటి గాలిలో కంటే చాలా ఎక్కువ. అంటే 50 హెర్ట్జ్ శబ్దానికి ఒక తరంగం పొడవు పది మీటర్ల పైచిలుకు, ట్రాక్టరూ ట్రాలీ కలిపినా అంతకు మించదు. అర మీటరు డబ్బా దాన్నేం పట్టుకుంటుంది? అందుకే ఎంత మంచి సైలెన్సర్ పెట్టినా ట్రాక్టర్ గొంతులోని ఆ మందపు డబడబ పోదు. పోయేవి దాని పైనుండే చెవులు చిల్లులు పడే కరకు శబ్దాలు.

ఇంకో లెక్క చూడండి. ఆ ఇంజన్ వదిలే పొగ వేడికి ఉబ్బి, 5 సెంటీమీటర్ల గొట్టంలో సెకనుకు దాదాపు 40 మీటర్ల వేగంతో పోతుంది. గంటకు 144 కిలోమీటర్లు. పెద్ద తుపాను గాలి అది. శబ్దం ఆ తుపానులోంచే రావాలి, ఆ చిల్లులను దాటాలి. గాలి వేగాన్ని ధ్వని వేగంతో భాగిస్తే వచ్చేదాన్ని మాక్ సంఖ్య అంటారు; ఇక్కడ అది 0.077.

సైలెన్సర్ల సిద్ధాంతం చాలాకాలం ఈ తుపానును పక్కనపెట్టి నడిచింది. 1922లో అమెరికా భౌతికశాస్త్రవేత్త జి.డబ్ల్యు. స్టీవార్ట్ ఒకే తీరు గదుల్ని వరసగా పేర్చి శబ్దాన్ని వడకట్టే పద్ధతి చూపించాడు. 1954లో అమెరికా ప్రభుత్వ వైమానిక పరిశోధనా సంస్థ నాకా రకరకాల సైలెన్సర్లను లెక్కగట్టి, కొలిచి, పెద్ద నివేదిక వేసింది. లెక్కలు సాగినంత దూరం సాగాయి. గొట్టంలో నిలకడగా వీచే గాలి మాత్రం సమీకరణాల్లోకి సరిగా రాలేదు. 1970ల మొదట్లో ఆల్ఫ్రెడ్‌సన్, డేవిస్ అనే ఇద్దరు గాలిని లెక్కలోకి తీసుకుని పనిచేశారు. 1978, 79ల్లో సలివన్ చిల్లుల గొట్టాన్ని ముక్కలు ముక్కలుగా విడదీసి లెక్కించే మార్గం వేశాడు. చివరికి చిల్లు మీద గాలి ఏం చేస్తుందో చేతికందే ఒక సూత్రంగా చెప్పింది మన పొరుగున, బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో. కె. నారాయణరావు, ఎం.ఎల్. ముంజాల్ ఇద్దరూ 1986లో ‘జర్నల్ ఆఫ్ సౌండ్ అండ్ వైబ్రేషన్’లో ప్రచురించిన కొలతలవి. మరుసటేడు వచ్చిన ముంజాల్ పుస్తకం ‘అకౌస్టిక్స్ ఆఫ్ డక్ట్స్ అండ్ మఫ్లర్స్’ ప్రపంచమంతటా సైలెన్సర్ ఇంజనీర్ల బల్లల మీదికి చేరింది. ఆ సూత్రమూ దానితో పాటే తిరిగింది.

ఆ సూత్రం ఒక్క వరసలో ఇమిడిపోతుంది. అందులో రెండు భాగాలు. మొదటిది నిరోధం, అంటే చిల్లు శబ్దం నుంచి ఎంత శక్తిని తినేస్తుందో చెప్పేది. రెండోది జడత్వం, చిల్లులో అటూ ఇటూ ఊగే గాలి ముద్ద బరువు. నిరోధాన్ని వాళ్లిలా రాశారు: 0.0073ను (1 + 72.23 × మాక్ సంఖ్య)తో హెచ్చవేసి, గొట్టం మీద చిల్లుల వాటాతో భాగించాలి. 72 అని ఊరుకోకుండా 72.23 అనడంలో కొలిచినవాళ్ల పట్టుదల కనిపిస్తుంది. ఆ కొసరుకు ట్రాక్టర్ దగ్గర విలువేమీ లేకపోయినా నాకది ముచ్చటగానే ఉంటుంది. గమనించాల్సింది ఏమిటంటే, ఈ భాగంలో రేకు మందం లేదు, చిల్లు వ్యాసం లేదు, గాలి ఉంది. జడత్వం భాగంలో రేకు మందం ఉంది, చిల్లు వ్యాసం ఉంది, పౌనఃపున్యం ఉంది, గాలి లేదు. ఎవరి పని వాళ్లకు పంచేసినట్టుంది. నిజం మరీ ఇంత శుభ్రంగా ఉండదనుకోండి. ఇతరుల కొలతల్లో గాలి జోరు పెరిగేకొద్దీ ఆ గాలి ముద్ద బరువు కొంత తగ్గుతుందని కూడా తేలింది. కానీ ప్రధానమైనదేదో, కొసరేదో తేల్చి, ప్రధానమైనదాన్నే నిలబెట్టడం కూడా పనితనమే.

మన కోసిన గొట్టాన్ని ఈ సూత్రంలో పెట్టి చూద్దాం. చిల్లులున్న మేరలో వాటి వాటా పదో వంతు. ఇంజన్ ఆపి ఉండి, గొట్టంలో గాలి కదలకుండా ఉంటే నిరోధం 0.073. పొలం నుంచి నిండు ట్రాలీ గుంజుకొస్తున్నప్పుడు మాక్ సంఖ్య 0.077 కాబట్టి బ్రాకెట్‌లోని విలువ 6.6 అవుతుంది. నిరోధం 0.48కి ఎగబాకుతుంది. రేకు ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ఉంటే, 500 హెర్ట్జ్ దగ్గర గాలి ముద్ద జడత్వం 0.22 చుట్టుపక్కల ఉంటుంది. అంటే కదలని గాలిలో జడత్వానిదే పైచేయి. శబ్దం చిల్లులోంచి పోయి, గదిని తట్టి, దాదాపు పోయినంతా తిరిగొస్తుంది. తుపాను వీచేసరికి నిరోధానిది పైచేయి అయింది. పోయిన శబ్దంలో చాలా భాగం ఆ చిల్లు దగ్గరే హరించుకుపోతుంది. ఇనుము అదే, చిల్లులూ అవే. గుణం మాత్రం మారిపోయింది. పెరట్లో ఖాళీగా తిరుగుతున్న ఇంజన్‌కూ, బరువు లాగుతున్న ఇంజన్‌కూ నిజానికి రెండు వేర్వేరు సైలెన్సర్లు బిగించినట్టే. ఒక మాట, ఈ సూత్రం కట్టింది గట్టిగా వీచే గాలికి. ఐడిలింగ్‌లోని మెల్లటి గాలి దాకా దాన్ని లాగకూడదు. పైగా ట్రాక్టర్ పొగ నిలకడగా కాక దెబ్బదెబ్బగా వస్తుంది, శబ్దం కూడా లోపల చాలా తీవ్రంగా ఉంటుంది. ఆ తీవ్రతే నిరోధాన్ని మరికొంత పెంచుతుంది.

ఇప్పుడు ఒక్క చిల్లు అంచు దగ్గర నిలబడి చూద్దాం. గొట్టం గోడను ఒరుసుకుంటూ గాలి పోతుంటుంది. చిల్లు దగ్గరికి రాగానే కింద గోడ ఉండదు. ఒక పక్క పరుగెత్తే గాలి, మరో పక్క గదిలో కదలకుండా ఉన్న గాలి, రెంటి మధ్య సన్నటి పొర. ఆ పొర నిలకడ లేనిది, చిన్న తోపు తగిలితే చాలు సుడి తిరుగుతుంది. ఆ తోపు ఇచ్చేది శబ్దం. చిల్లులోకి గాలి ముద్దను శబ్దం నెట్టగానే పొర ముడుచుకుని చిన్న సుడిగా మారుతుంది. వెంటనే గాలి దాన్ని కిందికి ఈడ్చుకుపోతుంది. నెట్టడానికి శబ్దం పెట్టిన శక్తి ఆ సుడితో పాటే పోతుంది, కాసేపటికి వేడిగా మిగులుతుంది. గాలి లేకపోతే అదే ముద్ద లోపలికి పోయి, అదే శక్తిని తిరిగి ఇచ్చేసేది. గాలి ఆ అప్పును వసూలు కానివ్వదు.

అయితే సుడి ఎప్పుడూ శబ్దాన్ని తినదు. ఒక్కోసారి పెంచుతుంది. నోటికి అడ్డంగా పట్టుకుని ఊదితే ఖాళీ సీసా మోగేది అందుకే. సుడి ఒక అంచు నుంచి రెండో అంచుకు చేరే సమయం, శబ్దం ఒక ఊపుకు తీసుకునే సమయం దగ్గర దగ్గరగా వచ్చాయంటే, సుడి సరిగ్గా అవసరమైనప్పుడు వచ్చి శబ్దాన్ని ఎగదోస్తుంది. అదే ఈల. సుడులు గాలి వేగంలో సుమారు సగంతో నడుస్తాయి, అంటే ఇక్కడ సెకనుకు 20 మీటర్లు. 4 మిల్లీమీటర్ల చిల్లు దాటడానికి సెకనులో ఐదువేలవ వంతు పడుతుంది. కనుక ఈల పుట్టే అవకాశమున్నది 5000 హెర్ట్జ్ ప్రాంతంలో, ఇంజన్ గొంతు జోరుగా ఉన్న చోటుకు చాలా పైన. 500 హెర్ట్జ్ శబ్దం ఒక ఊపు పూర్తి చేసేలోగా సుడి పదిసార్లు దాటిపోగలదు. ఎగదోయడానికి దానికి వేళ కుదరదు, తినడమే కుదురుతుంది.

గొట్టాన్ని గదిలో తెంపేసి, 25 సెంటీమీటర్ల ఖాళీ వదిలి, అవతల మళ్లీ మొదలుపెడితే? పాతకాలపు ఖాళీ డబ్బాలో చేసేది అదే. అప్పుడు సుడి ఆ ఖాళీని దాటడానికి సెకనులో ఎనభయ్యో వంతు పడుతుంది. 80 హెర్ట్జ్, దాని గుణిజాల దగ్గర డబ్బా తనే బొబ్బరించే ప్రమాదం ఉంటుంది. అది సరిగ్గా ఇంజన్ గొంతు ఉండే చోటు. గొట్టాన్ని తెంపకుండా, చిల్లులు పొడిచి అటు చివరిదాకా తీసుకెళ్లడంలో ఉన్న చమత్కారం ఇదే. పెద్ద ఖాళీని 378 చిన్న ఖాళీలుగా ముక్కలు చేశారు. శబ్దానికి తెరిచిన వైశాల్యం గొట్టం నోటికి రెండున్నర రెట్లకు కాస్త తక్కువ. దానికి చాలినంత దారి దొరికింది. సుడికి మాత్రం పెద్దదయ్యే చోటు దొరకలేదు. పొగకు ఎదురొత్తిడీ పెరగలేదు, డీజిల్ ఎక్కువ తాగలేదు.

సమదూరంలో ఉండే చిల్లులు, సమదూరంలో ఉండే గదులు అనగానే భౌతికశాస్త్రం చదివినవాళ్లకు ఇంకో సంగతి గుర్తుకొస్తుంది. ఒకే అడుగుతో పేర్చిన ఏ వరసైనా, ఆ అడుగు తరంగంలో సగానికి సమానమైన చోట, వెనక్కి మళ్లే తరంగాలన్నింటినీ ఒకే తాళంలోకి తెస్తుంది. వరస పొడుగ్గా ఉంటే ఆ పౌనఃపున్యం దగ్గర శబ్దం ముందుకు పోలేదు. 11 మిల్లీమీటర్ల చిల్లుల అడుగుకు ఆ చోటు 23,600 హెర్ట్జ్, మనిషి చెవికి అందదు. 25 సెంటీమీటర్ల గదుల అడుగుకు 1040 హెర్ట్జ్. ఇక్కడ గదులు రెండే కనుక ఆ గుణం లీలగానే ఉంటుంది. గాలి వీస్తే ఈ చోటు జరుగుతుందా? జరుగుతుంది. వాలుకు పోయే శబ్దం గాలితో కలిసి వేగం పుంజుకుంటుంది, ఎదురొచ్చేది మందగిస్తుంది. రెండూ కలిపి చూస్తే దాదాపు సర్దుకుపోయి, మాక్ సంఖ్య వర్గమంత తేడానే మిగులుతుంది. 1040 కాస్తా 1034 అవుతుంది. ఆరు హెర్ట్జ్!

గాలికీ శబ్దానికీ ఉన్న సంబంధమంటే మనకు ముందుగా తోచేది మోసుకుపోవడమే. లెక్క చూస్తే ఆ మోసుకుపోవడం వల్ల అయ్యే తేడా ఆరు హెర్ట్జ్, అంచు దగ్గర సుడి తిప్పడం వల్ల అయ్యే తేడా ఆరున్నర రెట్లు. గాలివాటున ఉన్న ఊరికి గుడి మైకు బాగా వినపడటం కూడా మోసుకుపోవడం వల్ల కాదు. నేల దగ్గర గాలి మందంగా, పైన జోరుగా ఉండి శబ్దాన్ని కిందికి వంచుతుంది కాబట్టే అలా వినపడుతుంది.

మళ్లీ షాపుకొస్తే, ఆ చిల్లుల గొట్టంలో ఇంకో చిన్న సంగతి ఉంది. చిల్లులు ముందు చదును రేకుకు పంచ్ కొట్టి, తర్వాత రేకును గొట్టంగా చుట్టారు. పొడుగునా అతుకు కనిపిస్తుంది. పంచ్ దిగిన పక్క చిల్లు నున్నగా ఉంటుంది, బయటికొచ్చిన పక్క బొరుసు లేస్తుంది. చుట్టేటప్పుడు బొరుసును గది వైపు ఉంచారు, నున్నటి ముఖాన్ని పొగ వైపు. వేలు లోపల పెట్టి నిమిరితే గీసుకోదు. 144 కిలోమీటర్ల గాలికి ఎదురుగా వందల ముళ్లు నిలబెట్టకూడదని చేసిన పని అది. ఇది ఏ కొలతల పట్టికలోనూ పెద్దగా కనిపించదు. ఎవరో పనివాడికి తెలుసు, అంతే.

అందరూ ఇలా చేయరు. గొట్టం మధ్యలో బిళ్ల వేసి మూసి, పొగంతా చిల్లుల్లోంచి గదిలోకి పోయి, బిళ్ల దాటాక మళ్లీ చిల్లుల్లోంచే లోపలికొచ్చేలా చేసే రకం ఉంది. చప్పుడు బాగా చస్తుంది, ఎందుకంటే అక్కడ గాలి చిల్లును ఒరుసుకోవడం కాదు, చిల్లులోంచే దూసుకుపోతుంది. ఎదురొత్తిడి మాత్రం ఇంజన్ మెడ మీద కూర్చుంటుంది. మరోవైపు పట్నంలో కుర్రాళ్లు బుల్లెట్ సైలెన్సర్ విప్పి, లోపలి చిల్లుల గొట్టాలనూ అడ్డరేకులనూ పీకేసి, ఖాళీ డబ్బా తగిలించుకుని తిరుగుతారు. పోలీసులు వాటిని పట్టుకుని రోడ్డు రోలర్ కింద వేసి తొక్కిస్తున్న ఫొటోలు పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. చలాను సంగతి అటుంచండి, పీకి పారేసిన ఆ లోపలి గొట్టాన్ని ఒక్కసారి చేతిలోకి తీసుకుని చూడరే అని నాకు బాధ.

ఆ రైతు ట్రాక్టర్ గుంజకపోవడానికి కారణం మసి. అది చిల్లులను ఏం చేస్తుందో సూత్రంలోనే ఉంది. కింద భాగహారంలో ఉన్నది చిల్లుల వాటా. మసి పేరుకుని ఒక్కో చిల్లు ఇరుకైతే వాటా తగ్గుతుంది, నిరోధం పెరుగుతుంది. కొంతవరకు చప్పుడుకు అది మంచిదే కూడా. కానీ జిడ్డు మసి గొట్టంలోకి పెచ్చులుగా ఊడిపడితే పొగకే దారి ఉండదు. కోసిన చెక్కలో, రెండో గది మేర గొట్టం నిండా అవే పెచ్చులు.

ఇదే కథ ఇంకా ఎంతో పెద్ద కొలతలో చూడాలంటే ఇదే రోడ్డు చివరిదాకా పోవాలి. 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయ్యాక ఈ నేలకు నీళ్లొచ్చాయి, నీళ్ల వెంట చెరుకు వచ్చింది, చెరుకు కోసం 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. 2002లో ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది, 2015 డిసెంబర్‌లో మూతపడింది. చెరుకు ట్రాలీల వరసలు పోయి ఇప్పుడు వడ్ల ట్రాలీలు తిరుగుతున్నాయి. చక్కెర ఫ్యాక్టరీ అంటే అందరూ గానుగల గురించే చెబుతారు కానీ, దాని ఊపిరి బాయిలర్‌ది. రసం తీసిన పిప్పినే మండించి ఆవిరి పుట్టిస్తారు. పొయ్యిలోంచి వచ్చే వేడి పొగ పొగగొట్టానికి చేరేలోగా వందలాది ఉక్కు గొట్టాల మధ్యగా, అడ్డంగా, సందుల్లోంచి పోతుంది. కొన్నింటిలో నీళ్లు కాగుతాయి, కొన్నింటిలో పొయ్యికి పోయే గాలి వేడెక్కుతుంది. వరసలన్నీ సమదూరం. చిల్లుల గొట్టాన్ని లోపలి నుంచి బయటికి తిరగేసినట్టుంటుంది: అక్కడ ఇనుములో ఖాళీలు, ఇక్కడ ఖాళీలో ఇనుము.

ఇలాంటి బాయిలర్లలో ఒక జబ్బు ఉంటుంది. లోడు పెంచుతూ పోతుంటే ఒక దశలో బాయిలర్ ఉన్నట్టుండి హోరెత్తుతుంది. పక్కమనిషి మాట వినపడదు, కేసింగ్ రేకులు అదురుతాయి. ఇంకా పెంచినా, కాస్త తగ్గించినా ఆగిపోతుంది. కారణం మళ్లీ సుడులే. ప్రతి గొట్టం వెనకా అటొకటి ఇటొకటి సుడులు విడిపోతుంటాయి. రెండున్నర అంగుళాల గొట్టాల సందుల్లో పొగ సెకనుకు 13 మీటర్లు పోతుంటే, వరసల అమరికను బట్టి సెకనుకు 60 సుడుల దాకా పుట్టవచ్చు. ఇక పొగ దారి మూడు మీటర్ల వెడల్పు ఉందనుకుందాం. ఈ గోడ నుంచి ఆ గోడకు అడ్డంగా ఊగే శబ్దానికి ఒక సహజ పౌనఃపున్యం ఉంటుంది. 250 డిగ్రీల పొగలో ధ్వని వేగం 458 మీటర్లు. ఆ లెక్కన 76 హెర్ట్జ్ రావాలి. కానీ అలా రాదు. గొట్టాల అడవిలో శబ్దం చుట్టూ తిరిగి పోవాలి కాబట్టి మెల్లబడుతుంది. ఎంత మెల్లబడుతుందో 1978లో పార్కర్ అనే ఆయన చిన్న సూత్రంగా ఇచ్చాడు: గొట్టాలు ఆక్రమించిన వాటాకు ఒకటి కలిపి, వర్గమూలం తీసి, దానితో వేగాన్ని భాగించాలి. వాటా 0.4 అయితే వేగం 387కు, పౌనఃపున్యం 65కు దిగుతుంది. సుడులు 60, గోడల మధ్య ఊపు 65. లోడు ఇంకొంచెం పెంచారా, రెండూ కలిసిపోతాయి. సైలెన్సర్‌లో శబ్దాన్ని తిన్న సుడులే ఇక్కడ శబ్దాన్ని మేపుతాయి.

దీనికి మందు పొగ దారికి అడ్డం పడదు. గొట్టాల వరసల మధ్య, పొగ పోయే దిక్కుకే సమాంతరంగా, నిలువునా ఒక పలచటి ఉక్కు రేకు దింపుతారు. పొగకు దాని అంచు తప్ప ఏమీ తగలదు. శబ్దం ఊగేది అడ్డంగా కదా, దానికి రేకు మొత్తం ఎదురొస్తుంది. మూడు మీటర్ల దారి రెండు ఒకటిన్నర మీటర్ల దారులైతే పౌనఃపున్యం 65 నుంచి 129కి ఎగురుతుంది; సుడులు దాన్ని అందుకోవాలంటే పొగ సెకనుకు 28 మీటర్లు పోవాలి, ఏ లోడు దగ్గరా ఆ బాయిలర్ అంత వేగం చూడదు. రేకు ఎక్కడ పెట్టాలన్నది కూడా ఆషామాషీ కాదు. గోడల దగ్గర పీడనం ఎగసిపడుతుంది కానీ గాలి కదలదు. నట్టనడుమ పీడనం మారదు కానీ గాలి అటూ ఇటూ గట్టిగా ఊగుతుంది. ఆపాల్సింది ఆ కదలికను, అందుకే రేకు నడుమ పడాలి. గోడ పక్కన పెడితే ఎంత మందపు రేకైనా దండగ.

దాన్ని బిగించే పద్ధతి కూడా చూడదగ్గదే. చల్లగా ఉన్నప్పుడు గట్టిగా వెల్డింగ్ చేసేస్తే, వేడికి సాగే చోటు లేక రేకు వంకర పోయి గొట్టాలను ఒరుస్తుంది. అందుకని ఒక పక్క మాత్రమే పట్టించి, మిగతా అంచులను గాడిలో జారేలా వదులుతారు. ఆ వదులు కూడా లెక్క ప్రకారమే ఉండాలి. మూడు మీటర్ల ఎత్తు ఉక్కు రేకు 250 డిగ్రీల వేడికి ఎనిమిది మిల్లీమీటర్ల పైనే సాగుతుంది. గాడి అంతకంటే తక్కువైతే రేకు ఉబ్బుతుంది, మరీ ఎక్కువైతే సందులోంచి శబ్దం అవతలికి జారుకుంటుంది.